కదిలే కన్నం

కింది వాటా టైలరు చెప్పిందాన్ని బట్టి, ఆయనకు పక్కింటి మామ్మగారు చెప్పిందాన్ని బట్టి, గడియారాల ముసలాయన చచ్చిన కాసేపటికే దెయ్యమై తిరిగొచ్చాడు. ఊరికే రాలేదు. వచ్చి, తన గడియారాన్ని బాగుచేసుకుని మరీ పోయాడు.

"నా మాట కాదండీ, ఆవిడ మాట," అన్నాడు టైలరు, పెదాల మధ్య గుండుసూదులు జారకుండా. "నేను దెయ్యాల్ని నమ్మను. మామ్మగార్ని మాత్రం నమ్ముతాను. ఆవిడకి ఆ గోడే రేడియో, ఆ గోడే పేపరు."

ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి వింటున్న ఆడ డిటెక్టివ్‌ని ఊరంతా 'జల్లెడ' అంటుంది. ఆ పేరు పెట్టింది పోలీసులే, వెటకారానికి. ఏం పోసినా కింద పడేసుకుంటుందని. జల్లెడలో చూడాల్సింది పైన మిగిలేదాన్ని అని వాళ్లకు అర్థమయ్యేసరికి ఆవిడ చేతిలో నాలుగు కేసులు తేలాయి, వాళ్లకు మొహాలు ముడుచుకుపోయాయి.

ఈ కేసులో పోలీసులు తేల్చింది ఇది. మంగళవారం మధ్యాహ్నం ముసలాయన తన పనిగదిలో, ఏడేళ్లుగా చేత్తో చేసుకుంటూ వచ్చిన పెద్ద గడియారం కింద తల పగిలి పడున్నాడు. పక్కన గడియారానికి వేలాడే రెండు ఇనప బరువుల్లో ఒకటి. శవం పక్కన మోచేతుల దాకా రక్తంతో అల్లుడు. బ్రెడ్డు వ్యాను నడుపుకునే మనిషి. "నేనొచ్చేసరికే పడున్నాడు, మీద నుంచి బరువు ఎత్తి పక్కన పెట్టాను, ఫోన్ చేశాను," అంటాడు. అదే రోజు పొద్దున మామా అల్లుళ్లు ఇల్లు పీకి పందిరేసినంత గొడవపడ్డారు. ఎందుకయ్యా అంటే మాత్రం అల్లుడు నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు ఊరుకుంటాడు. ఇవాళ సాయంత్రం అతన్ని కోర్టులో పెడుతున్నారు. ఈలోపు ఏదో ఒకటి తేల్చమని ముసలాయన కూతురే వచ్చి జల్లెడ చేతులు పట్టుకుంది. "మా ఆయన చెయ్యలేదక్కా. ఆయనకి చేతకాదు కూడా."

జల్లెడ ముందు మామ్మగారి తలుపు తట్టింది. తుంటి విరిగి మంచం పట్టిన మనిషి. మంచం గోడకు ఆనించి ఉంది, గోడకవతల పనిగది.

"దెయ్యం సంగతి చెప్పండి మామ్మగారూ."

"దెయ్యం అని నేనన్నానా? ఆ టైలరు నోరు కుట్టుకోకుండా ఊరివాళ్ల బట్టలు కుడతాడు." మామ్మగారు దిండు సర్దుకుంది. "నేనన్నది, ఎవరో బాగుచేశారని. మంగళవారం రెండు గంటలు కొట్టింది. తెల్లమాత్ర వేసుకున్నా. కాసేపటికి సుత్తి దెబ్బలు. టక్కు టక్కున, చిన్నవే. ఆ తర్వాత ధబ్బుమని పడింది. మంచం అదిరింది."

"అరుపు?"

"వినపళ్ళేదు. గడియారం మాత్రం కుంటడం మొదలెట్టింది."

"కుంటడమంటే?"

మామ్మగారు వేలి కణుపులతో గోడ మీద కొట్టి చూపించింది. టిక్‌టక్... టిక్‌టక్... రెండు అడుగులు తొందర, ఒక అడుగు ఈడ్పు. "కాలు విరిగిన మేకలాగ. తర్వాత పూర్తిగా ఆగిపోయింది. సరే, ముసలాడూ గడియారమూ ఒక్కసారే పోయారనుకున్నా."

"ఆయన పోయాడని మీకు అప్పటికే తెలుసా?"

"తర్వాత కలుపుకున్నాలే! కథ చెప్పేటప్పుడు అడ్డం రాకు. మళ్లీ నడిచింది. ఈసారి కుంటు లేదు, సలక్షణంగా నడిచింది. ఆ తర్వాత అల్లుడి వ్యాను వచ్చి ఆగింది. దాని గొట్టం చప్పుడు చచ్చినవాడిక్కూడా వినిపిస్తుంది."

"ముందు గడియారమా, ముందు వ్యానా?"

"గడియారం. బల్ల గుద్ది చెప్తా. బల్ల లేదు గనక గోడ గుద్ది చెప్తా." అన్నంత పనీ చేసింది. "అప్పట్నుంచి నడుస్తోంది గానీ గంటలు కొట్టడంలేదు. నా మాత్రలన్నీ తలకిందులైపోయాయి."

"ఇంకాసేపట్లో అవతల నుంచి దాన్ని కుంటిస్తాను. ఆ రోజు విన్న చప్పుడే అయితే ఇలాగే గుద్దండి."

"సున్నం రాలితే నన్ననద్దు," అంది మామ్మగారు, సంబరంగా.

* * *

పనిగదిలో కూతురు ఒక్కతే ఉంది. ముప్పై దాటిన మనిషి, కంటికి బిగించుకునే భూతద్దం నుదుటి మీదికి తోసుకుని ఉంది. ఊరవతల చేతివాచీలు బాగుచేసే కొట్టు ఆమెది. మంగళవారం మధ్యాహ్నం అక్కడే ఉన్నానని పోలీసులకు చెప్పింది.

జల్లెడ అప్పటిదాకా గడియారాల మొహాలే చూసింది. వెనక్కి వెళ్లి చూడటం అదే మొదలు. చూసి, అడగాల్సిన ప్రశ్న మర్చిపోయింది.

మనిషిని మించిన ఎత్తు ఇనప స్టాండు. దాని నెత్తిన రెండు ఇత్తడి పలకలు, వాటి మధ్య చక్రాలు. పెద్ద చక్రం కదులుతోందో లేదో తెలియదు. దానికి చిక్కిన చక్రం కాస్త తెలుస్తుంది. ఆ పైది ఇంకాస్త. అన్నిటికన్నా పైన సన్నటి పళ్ల చక్రం, దాని మీద రెండు ముక్కుల ఉక్కు పలక అటోసారి ఇటోసారి వంగి ఒక్కో పన్నునూ ఆపి వదులుతోంది. కింద లోలకం, తొందరేమీ లేని మనిషిలా ఊగుతోంది. వేలాడే ఇనప బరువు నేలకు దిగాలని చూస్తుంటే, ఇన్ని చక్రాలూ కలిసి దాన్ని బతిమాలి వారం రోజులు ఆపుతున్నాయి. చేత్తో, ఆకురాయితో, ఒక్కొక్క పన్నూ రాసి చేసినవి.

"ఈ పైదాన్ని ఏమంటారు?" అంది చివరికి, గుళ్లో మాట్లాడినంత మెల్లగా.

"మేం కొంగ అంటాం. రెండు ముక్కులు కదా. అది సరిగ్గా కూచుంటేనే టిక్కుకీ టక్కుకీ మధ్య సమానం. వెంట్రుక వాసి పక్కకి జరిగితే కుంటుతుంది, కాసేపటికి ఆగిపోతుంది."

"జరిగితే ఏం చేస్తారు?"

కూతురి మొహంలో ఏదో దీపం పెట్టినట్టయింది. మూడు రోజులుగా ఏడ్చి ఉబ్బిన కళ్లవి. "అక్కా, కన్నం కదలడం ఎక్కడైనా చూశారా? గోడకి కన్నం వేస్తే వేసినచోటే ఉంటుంది. పక్కకి కావాలంటే అది పూడ్చి ఇంకోటి వెయ్యాలి. గడియారంలోనూ అంతే. ఇరుసులు తిరిగీ తిరిగీ కన్నాలు కోడిగుడ్లలా అరిగిపోతాయి. అప్పుడు అంతా ఊడదీసి, పూడ్చి, కొత్తవి వేసుకోవాలి. ఇందులో ఆ బాధ లేదు."

సొరుగులోంచి చొక్కా గుండీ అంత ఇత్తడి బిళ్ళ తీసి జల్లెడ అరచేతిలో పెట్టింది. "కన్నం నడిమధ్యన ఉందా?"

జల్లెడ కళ్లు చికిలించింది. లేదు. ఒక పిసరు పక్కన ఉంది.

"ఇరుసు ఈ కన్నంలో తిరుగుతుంది. బిళ్ళ ఏమో పలకలో గుండ్రంగా కూచుంటుంది, పక్కన చిన్న స్క్రూతో బిగిస్తాం. స్క్రూ వదులు చేసి బిళ్ళని తిప్పామనుకోండి, కన్నం దాని చుట్టూ జరుగుతుంది. ముందు పలకలోదీ వెనక పలకలోదీ ఒకే లెక్కన తిప్పాలి, లేకపోతే ఇరుసు వంకరై పట్టేస్తుంది. ఈ చుక్క చూశారా, ఎంత తిప్పామో దీన్ని బట్టి తెలుస్తుంది. అరిగితే తిప్పుకో. ఎండకి పలక సాగితే తిప్పుకో. ఒక్క చక్రం ఊడదీయక్కర్లేదు."

జల్లెడ బిళ్ళని వెలుతురుకు ఎత్తి పట్టింది. కన్నం అంటే ఏమీ లేకపోవడం. ఆ ఏమీ లేకపోవడాన్ని రెండు వేళ్లతో పట్టుకుని వెంట్రుకలో సగం అవతలికి జరిపే మనిషి ఒకరున్నారు ఈ భూమ్మీద! తాను పుట్టి పెరిగిన పల్లెలో బావి గిలకలు, బండి ఇరుసులు ఎన్ని చూసింది! అరిగితే కొబ్బరిపీచు చుట్టి నెట్టుకొచ్చేవాళ్లేగానీ, అరుగుతుందని ముందే ఒప్పుకుని దానికి దారి ఉంచిన పనివాణ్ని చూడలేదు.

"ఎలా తోచింది ఇది?"

"మొదట స్క్రూతో నెట్టే దిమ్మ పెట్టాం. బిగించేటప్పుడు పక్కకి పోయేది. ఏడాది పోయింది దాంతో. ఓ రోజు నాన్న కన్నం తప్పుగా పడిందని ఓ చక్రాన్ని తిట్టి విసిరేశాడు. అది నేల మీద దొర్లుతూ, ఎగిరెగిరి పడుతూ, మంచం కిందికి పోయేదాకా చూస్తుంటే, నడిమధ్యన లేని కన్నం తిరిగితే జరుగుతుంది కదా అని..." ఆగింది. "నాన్నకి తోచింది."

కోపంతో విసిరేసినవాడు అది ఎక్కడిదాకా దొర్లిందో చూడడు. మంచం కిందికి పోయేదాకా చూసే కళ్లు వేరే ఉంటాయి. జల్లెడ ఆ మాటను పైకి అనలేదు, లోపల మిగుల్చుకుంది.

వంగి వెనక పలకను దగ్గరగా చూసింది. వరసగా బిళ్ళలు. కింది మూడింటి అంచుల చుట్టూ సుత్తీ, పంచు అనే ఉక్కు మొలా పెట్టి కొట్టిన గుంటలు. బిళ్ళ ఇత్తడీ పలక ఇత్తడీ ఒకదానిలోకి ఒకటి నలిగి అతుక్కుపోయాయి. అవి ఇంక ఈ జన్మకు తిరగవు. నాలుగోది కొంగ బిళ్ళ. దాని అంచున అలాంటి దెబ్బ ఒకే ఒక్కటి.

"ఇవి?"

"నాన్నే. 'సరిగ్గా చేసినవాడికి సర్దుకునే పని ఉండదు' అనేవాడు."

"తను చేసినవాటిని తనే తిరక్కుండా కొట్టేసుకున్నాడా?"

కూతురు గుడ్డ తీసి, దుమ్ము లేని చోట తుడిచింది.

"ఫ్రేము మీద రక్తం తుడిచారా ఎవరైనా?"

"పోలీసులు ఏదీ ముట్టుకోవద్దన్నారు."

జల్లెడ ఆమె దగ్గర భూతద్దం అడిగి తీసుకుని పైనుంచి కిందిదాకా వెతికింది. ఇత్తడి మీదగానీ ఇనుము మీదగానీ చుక్క లేదు. తన వాచీ చూసుకుంది, గడియారం మొహం చూసింది. పావుగంట వెనక ఉంది. ఎండకీ వానకీ తలవంచని గడియారం, పావుగంట.

"అమ్మాయ్, దీన్ని కుంటించు."

పసిపిల్లను గిల్లమన్నట్టు చూసింది కూతురు. "ఎందుకక్కా?"

"మామ్మగారు విన్నది నిజమని తేలితే, మీ ఆయన రాకముందే ఇదంతా అయిపోయిందని తేలుతుంది."

ఆ మాటతో కదిలింది. ముందు బరువు తాడు నుంచి తీసి పక్కన పెట్టింది. లోలకాన్ని వేలితో ఆపింది. స్టూలెక్కి, స్క్రూ వదులు చేసి, పట్టకారు రెండు మొనలూ బిళ్ళని తిప్పడానికే వేసిన రెండు సన్నటి బెజ్జాల్లో దించి తిప్పింది. ముందు ఒకటి, వెనక ఒకటి. బిగించి, దిగి, బరువు తగిలించి, లోలకాన్ని వదిలింది.

టిక్‌టక్... టిక్‌టక్...

గోడకవతల ధనాధనామని దెబ్బలు. సున్నం రాలింది. "అదే! అదే మేక!" మామ్మగారి గొంతు గోడను దాటి వచ్చింది.

"అలాగే ఉండనీ," అంది జల్లెడ. "నేను చెప్పేదాకా ముట్టుకోకు."

* * *

ఇన్‌స్పెక్టరు తలుపు కొట్టలేదు. తోసుకుని వచ్చాడు. జల్లెడ కన్నా పదేళ్లు చిన్న, గొంతు మాత్రం పదేళ్లు పెద్ద.

"ఏంటి అక్కగారూ, పరామర్శకొచ్చారా? గదికి సీలు వేస్తున్నా, బయటికి దయచేయండి."

"వేద్దురుగాని తమ్ముడుగారూ. ముందిది చెప్పండి. అల్లుడి ఫోను స్టేషన్‌కి ఎప్పుడొచ్చింది?"

"మూడూ అయిదుకి."

"మీరు ఈ గదిలో అడుగుపెట్టింది?"

"రిపోర్టులో రాశాగా. సరిగ్గా మూడింటికి."

"అంటే ఫోను రాకముందే వచ్చేశారు. డిపార్టుమెంటు బాగా అభివృద్ధి చెందింది."

ఇన్‌స్పెక్టరు చెవులు ఎర్రబడ్డాయి. "ఎదురుగా ఇంత గడియారం ఉంటే అదే చూసి రాశా. అయితే ఏంటి?"

"అయితే మీరొచ్చేసరికే అది పావుగంట వెనకబడి ఉంది. అంటే అప్పటికే ఎవరో దాన్ని ఆపి, కుంటు తీసి, మళ్లీ నడిపించారు." జల్లెడ అతని భుజం పక్కగా నడిచి కిటికీ దగ్గర నిలబడింది. ఆవిడతో మాట్లాడాలంటే ఇన్‌స్పెక్టరు గడియారానికి వీపు పెట్టాల్సిందే. "ఈ ఇత్తడి బిళ్ళల్లో కన్నాన్ని వెంట్రుకలో సగం జరిపి, ముందూ వెనకా ఒకే లెక్కకి తెచ్చి బాగుచేశారు."

"కన్నాలేసేవాళ్లని ఇరవయ్యేళ్లుగా పట్టుకుంటున్నా అక్కగారూ. కన్నాన్ని జరిపినవాణ్ని ఏ సెక్షన్ కింద పట్టుకోను?" తనే నవ్వుకున్నాడు. "అల్లుడే ఆపి నడిపించుంటాడు."

"మోచేతుల దాకా రక్తం. గడియారం మీద చుక్క లేదు."

"కడుక్కునుంటాడు."

"కడుక్కుంటే మీరొచ్చేసరికి మళ్లీ ఎలా పూసుకున్నాడు?"

టిక్‌టక్... టిక్‌టక్... వాళ్ల మాటల మధ్య మేక కుంటుతూనే ఉంది. జల్లెడ మాటలు ఇన్‌స్పెక్టరుతో, చెవులు దాంతో. ఆవిడకు ఆ క్షణాన తన అనుమానం అబద్ధమైతే బాగుండుననిపించింది. ఇరవయ్యేళ్ల వృత్తిలో అలా అనిపించడం అరుదు.

"పొద్దుటి గొడవ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "తప్పు చెయ్యనివాడు నోరెందుకు మూసుకుంటాడు?"

"ఎవరినో కాచుకోడానికి."

"ఎవర్ని? గడియారం కొట్లో పనిచేసే దెయ్యాన్నా?"

"మనిషి కళ్లముందు చచ్చి పడుంటే దొంగ పారిపోతాడు. పగవాడు పారిపోతాడు. మీరూ నేనూ అయినా కేకలేస్తాం. పావుగంట నిలబడి గడియారం కుంటు తీసే మనిషి ఎవరండీ? పాపం పుణ్యం తర్వాత, ముందు ఆ చప్పుడు వినలేని మనిషి. బిడ్డ ఏడుస్తుంటే పాలిచ్చే తల్లి ఇంకేం ఆలోచిస్తుంది?"

"కవిత్వం కోర్టులో చెల్లదు. సాయంత్రం అయిదింటికి అల్లుణ్ని..." ఇన్‌స్పెక్టరు సగంలో ఆగాడు. "ఏంటి, ఆగిపోయింది?"

మేక కుంటడం లేదు. గదిలో చప్పుడే లేదు.

ఇద్దరూ తిరిగి చూశారు.

కూతురు స్టూలు మీద ఉంది. ఎడమ కంటికి భూతద్దం. తీసిన బరువు గోడవార ఉంది. మొగుడి బతుకు రెండడుగుల దూరంలో మాటల్లో వేలాడుతుంటే ఆమెకు ఒక్క మాటా వినిపిస్తున్నట్టు లేదు. పట్టకారు మొనలు బిళ్ళ మీద దిగాయి, కదిలిందీ లేనిదీ తెలియనంత కదిలాయి. ముందు ఒకటి. వెనక ఒకటి. ఊపిరి బిగబట్టిన ఆ మొహంలోని ప్రశాంతత చూసి ఇన్‌స్పెక్టరు కూడా ఊపిరి బిగబట్టాడు. ఆమె దిగి, బరువు తగిలించి, లోలకాన్ని వదిలింది.

టిక్. టక్. టిక్. టక్.

నలిగిన చీరకు మడత దిద్దినట్టు, గదిలో గాలి సాఫీ అయింది.

గోడకవతల ధనామని దెబ్బ. "అదిగో! మళ్లీ బాగుచేసి పోయాడు!"

ఆ కేకకు కూతురు ఉలిక్కిపడింది. అద్దం తీసి, తనవైపే చూస్తున్న ఇద్దర్నీ చూసింది. చేతిలో పట్టకారు చూసుకుంది. దాన్ని మెల్లగా బల్ల మీద, ఎప్పుడూ పెట్టే చోట పెట్టింది.

"ముట్టుకోవద్దన్నాను," అంది జల్లెడ. గొంతులో గెలుపు లేదు.

"అవునక్కా."

"బిళ్ళలు మీ నాన్నవి కావు."

"నావి. మూడేళ్లు పట్టింది." స్టూలు మీద కూలబడింది. "కొత్త లైబ్రరీ హాల్లో పెట్టడానికి దీన్ని చూడ్డానికొచ్చినవాళ్లు చక్రాలు చూళ్ళేదు, బిళ్ళలే చూశారు. అప్పట్నుంచి నాన్నకి అన్నం సయించలేదు. మంగళవారం పొద్దున మా ఆయన అడిగాడు, మీ పేరు పక్కన మీ అమ్మాయి పేరు కూడా చెక్కండి మావయ్యా అని. గొడవ అదే. మధ్యాహ్నం ఏదో పనిముట్టు కోసం ఇంటికొచ్చా. నాన్న స్టూలెక్కి బిళ్ళలు ఇంక తిరక్కుండా కొట్టేస్తున్నాడు. బరువులు కూడా దించలేదు. నాన్న బరువు దించకుండా ఏ చక్రాన్నీ ముట్టుకోగా నేనెప్పుడూ చూళ్ళేదు. అంత కోపం. నాలుగోదాని మీద పంచ్ పెట్టాడు. చెయ్యి పట్టుకుని లాగా."

"పడ్డాడు," అంది జల్లెడ.

"పడుతూ గంటలు కొట్టించే బరువు తాడు పట్టుకున్నాడు. కొక్కెం తప్పి బరువు ఆయన మీదే పడింది. ఆ ఊపుకి కొంగ బిళ్ళ జరిగింది." అరచేతిలోని భూతద్దం చూపించింది. "దీన్ని ముక్కు దగ్గర పెట్టి చూశా. మసక పట్టలేదు."

"తర్వాత ఏమీ ఎరగనట్టు కొట్టుకెళ్లి కూచున్నావు. మీ ఆయన లాకప్‌లో కూచున్నాడు."

"ఎవరూ చంపలేదని తేలుస్తారనే మీ దగ్గరికొచ్చా అక్కా. నేను బయటపడకుండా తేలుతుందనుకున్నా. గొడవ ఎందుకో చెప్తే నా మీదికొస్తారని ఆయన నోరు మూసుకున్నాడు. తెలిసిందో, ఊహించాడో. నేనడగలేదు."

ఇన్‌స్పెక్టరు టోపీ తీశాడు. తీసినట్టు అతనికి తెలిసినట్టు లేదు. ఆ ఇత్తడి బిళ్ళల్ని చూశాడు, నలిగిపోయిన మూడింటినీ చూశాడు, ఆమె వేళ్లని చూశాడు. అడిగినప్పుడు గొంతులో పోలీసు లేడు.

"కన్నతండ్రమ్మా. నేల మీద అలా పడుంటే, ఒక్క మనిషిని పిలవకుండా, పావుగంట నిలబడి గడియారం బాగుచేశావా?"

ఆమె అతని కళ్లలోకి చూసింది.

"నాన్నని బాగుచేసే విద్య నాకు రాదు సార్. దీన్ని బాగుచేసే విద్య వచ్చు."